రైడ్ 5లో రెండో డిస్కు కూడా పోయింది, ఫైళ్లు దొరుకుతాయా?

మాది విశాఖ ద్వారకానగర్‌లో పెళ్లి ఫోటోల స్టూడియో. నాలుగు డిస్కుల నాస్ బాక్సు (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే పెట్టె), రైడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా ఫైళ్లు పోకుండా డేటాని అన్ని డిస్కుల్లో పంచి పెట్టే పద్ధతి. ఒకటి పోతే కొత్తది పెట్టాం. రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) మధ్యలో ఇంకోటి రీడ్ ఎర్రర్లిచ్చి బయటికొచ్చేసింది. రైడ్ 5 ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది, తెలుసు. కానీ ఈ రెండోది పూర్తిగా చావలేదు. తిరుగుతోంది, టకటక శబ్దం కూడా లేదు.

బాక్సు ఆపేసి డిస్కుల మీద వరస నంబర్లు రాశాను. డీడీరెస్క్యూతో (పాడైన డిస్కు నుంచి చదవగలిగినంతా కాపీ తీసే ప్రోగ్రాం) ఆ రెండోదాన్ని వేరే డిస్కుకి కాపీ తీసి, ఆ కాపీతో లినక్స్‌లో ఎండీఏడీఎం (రైడ్‌ని నడిపే ప్రోగ్రాం) అసెంబుల్, ఫోర్స్ పెట్టి, అంటే డిస్కుల్ని బలవంతంగా మళ్లీ కలిపి చేద్దామనుకుంటున్నాను. మిగతా రెండింటికీ కాపీలు తీయాలా? ఈవెంట్ కౌంట్ (రైడ్‌లో మార్పులు జరిగేకొద్దీ ప్రతి డిస్కులో పెరిగే లెక్క) కొద్దిగా తేడా ఉంటే పర్వాలేదా? తెలిసినాయన ఒకరు 'క్రియేట్ కొట్టెయ్, వచ్చేస్తుంది' అన్నారు, అంటే రైడ్‌ని కొత్తగా తయారుచేసే కమాండ్. వరస తప్పితే ఉన్నదీ పోతుందని నా భయం.

వైజాగ్‌లో నమ్మకంగా ఈ పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా, హైదరాబాద్ పంపాల్సిందేనా? పెళ్లికూతురి నాన్నగారు ఆల్బమ్ కోసం రోజూ ఫోన్ చేస్తున్నారండీ.