లూప్‌ను దరువు అనవచ్చా?

మా చిన్నాన్న కొడుకు మినిమల్ టెక్నో (కొద్దిపాటి శబ్దాలనే తిప్పి తిప్పి నడిపే ఎలక్ట్రానిక్ సంగీతం) చేస్తాడు. ఆషాఢం వస్తే లష్కర్ బోనాలకీ లాల్‌దర్వాజ బోనాలకీ రికార్డర్ పట్టుకుని పోతాడు. ఊరేగింపులో దొరికిన డప్పు చప్పుడులోంచి రెండు మూడు సెకన్ల ముక్క తీసి, దాన్నే ఎనిమిది నిమిషాలు తిప్పుతాడు. అలా తిరిగే ముక్కనే లూప్ అంటారు. ఇప్పుడిప్పుడే పేరు వస్తోంది. ఒక షో కోసం తెలుగులో పరిచయం రాసిపెట్టమన్నాడు. నాలుగో వాక్యంలో ఇరుక్కుపోయాను. లూప్‌కి ఏం రాయాలి? "పునరావృతి" అంటే ఫోన్‌లోనే నవ్వాడు. దరువు అందామంటే, అది బీట్ కదా అని సందేహం.

—

ఆవర్తనం అనండి. తాళం ఒక చుట్టు తిరిగి మొదటికి రావడమే ఆవర్తనం. ఆదితాళంలో అయితే 8 అక్షరాలకు ఒకటి. అర్థం అతికినట్టు సరిపోతుంది.

—

సరిపోదేమోనండీ. ఆవర్తనం కొలత మాత్రమే, లోపల ఏం వాయించినా అది ఆవర్తనమే. లూప్‌లో తిరిగొచ్చేది కొలత కాదు, ఆ చప్పుడే. పైగా పరిచయం చదివేవాళ్లకి కచేరీ గుర్తొస్తుంది.

—

దరువు విషయంలో ఒక అభ్యంతరం. కూచిపూడిలో, యక్షగానంలో దరువు అంటే పాట. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి వచ్చేది ప్రవేశ దరువుతోనే. దాన్ని పట్టుకెళ్లి లూప్ అంటే ఎలా?

—

ఆ అభ్యంతరమే దారి చూపిస్తోంది. దరువు "ధ్రువ" నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. ధ్రువం అంటే కదలనిది. పాత ప్రబంధాల్లో (కావ్యాలు కావు, అప్పటి పాటల రూపాలు) ఉద్గ్రాహం, మేలాపకం, ధ్రువం, ఆభోగం అని భాగాలు ఉండేవి. మేలాపకం, ఆభోగం లేకపోయినా చెల్లుతుంది, ధ్రువం లేకుండా కుదరదు. పాడేవాడు మళ్లీ మళ్లీ వచ్చి వాలేది దాని మీదే. హిందుస్తానీ వాళ్ల ధ్రుపద్‌లో ఉన్నదీ ఈ ధ్రువమే. పాటలో తిరిగొచ్చే భాగం పేరు మన దగ్గర పాటకే పేరైంది. డప్పు దగ్గర తిరిగొచ్చే దెబ్బల వరసకు పేరైంది. రెండు చోట్లా మిగిలిన అర్థం ఒకటే: కదలకుండా ఉండి, పక్కనున్నవాటిని కదలనిచ్చేది. మినిమల్ టెక్నోలో లూప్ చేసే పని ఇంకేమిటి?

ఇంకో సాక్ష్యం క్రియాపదం. డప్పు కొడతారు, దరువు వేస్తారు. ఇప్పటి పిల్లలు కూడా "లూప్ వేశాడు" అంటారు, "కొట్టాడు" అనరు. మాట అరువుదే, క్రియ మాత్రం దరువుది.

(పరిచయంలో "తన డప్పు తానే కొట్టుకుని" అని మాత్రం రాయకండి. రికార్డ్ చేసింది నిజంగా తన డప్పే అయినా సరే!)

—

అన్నా, నేను డప్పు వాయిస్తాను. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. మంట దగ్గర కాచి బిగిస్తే తప్ప తోలు పలకదు. మేం దరువు అంటే ఒక్క దెబ్బ కాదు, మొత్తం వరస. ఒక దరువు అందుకుంటే మార్చేదాకా అదే నడుస్తుంది. "దరువు మార్చు" అని ఒకరు కేకేస్తే అందరం కలిసి మారతాం. కాబట్టి బీట్ అంటే దెబ్బ, లూప్ అంటే దరువు. మీ తమ్ముడికి ఈ మాట కొత్తగా నేర్పక్కర్లేదు, ఊరేగింపులో విన్నవాడే కదా.

—

మరి ఊరేగింపుల్లో వేసే తీన్మార్ దరువు? "తీన్", "మార్" రెండూ హిందుస్తానీ మాటలు, మూడు దెబ్బలని. టెక్నో నడక నాలుగు కదా, ఎలా కలుపుతున్నాడు?

—

అడిగాను. డ్రమ్ మెషీన్‌లో ఒక చుట్టుకి మామూలుగా 16 అడుగులు (స్టెప్పులు) ఉంటాయి. కిక్‌ను, అంటే అడుగున పడే పెద్ద డ్రమ్ దెబ్బను, 16 మీదే ఉంచి, డప్పు ముక్కను 12 అడుగులకే మొదటికి తిప్పేస్తాడట. ప్రతి చుట్టుకీ రెండూ కాస్త కాస్త జరిగి 48వ అడుగు దాటాక మళ్లీ ఒకేసారి మొదలవుతాయి. ఆ జరగడం వినడానికే ఎనిమిది నిమిషాలట. 1994లో డెట్రాయిట్‌లో రాబర్ట్ హుడ్ అనే టెక్నో కళాకారుడు "మినిమల్ నేషన్" రికార్డులో కొద్దిపాటి శబ్దాలతోనే నడిపించాడు, నాకూ అంతకంటే ఎక్కువ వద్దు అన్నాడు మా తమ్ముడు.

నాలుగో వాక్యం ఇలా రాశాను: "కిక్ నాలుగు లెక్కన నడుస్తుంటే, బోనాల దరువు మూడు లెక్కన దాని చుట్టూ తిరుగుతుంది." లూప్ అన్న మాటే రాలేదు. వాడికి పంపితే "తిరుగుతుంది" తీసేసి "ఆడుతుంది" అని దిద్దాడు. అలాగే ఉంచేశాను.