లూర్లు కొన్నాను, చేప కొడుతోంది కానీ పడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగాలం:
ఇన్నాళ్లూ వానపాము, పిండి ఎరలతోనే గాలం వేశాను. ఇప్పుడు లూర్లకి, అంటే కృత్రిమ ఎరలకి, మారాలని ఉంది. ఉన్నవి: 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్ (మీద 7–21 గ్రాములు అని ఉంది), 2500 సైజు రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). కొన్న లూర్లు: 13 గ్రాముల గుల్ల కప్ప (లోపల బోలుగా ఉండే మెత్తటి కప్ప బొమ్మ), 4 అంగుళాల ప్యాడిల్ టెయిల్ సాఫ్ట్ ప్లాస్టిక్‌లు (తెడ్డులాంటి తోక ఉన్న మెత్తటి చేప బొమ్మలు), ఒక స్పిన్నర్ (తీగ చుట్టూ రేకు తిరిగేది), ఒక క్రాంక్‌బైట్ (గట్టి చేప బొమ్మ). కప్ప మీదికి చేప దూకుతోంది, లాగితే కప్ప ఒక్కటే గాల్లోకి ఎగిరొస్తోంది. సాఫ్ట్ ప్లాస్టిక్ నాచులో ఇరుక్కుంటోంది. స్పిన్నర్ వేస్తే దారమంతా పురి పడిపోతోంది. క్రాంక్‌బైట్ పక్కకి పరిగెడుతోంది. నిలవ నీళ్లు, మనిషి లోతు లోపే, గుర్రపుడెక్క దట్టంగా ఉంది. ఎక్కువగా కొరమీనే. కాసేపు ఒకటి, కాసేపు ఇంకొకటి మార్చి చూస్తున్నాను. పద్ధతి చెప్పండి.

చెరువుగట్టు:
ముందు ఆ మార్చడం ఆపండి. కొత్త లూర్‌ని చేపలు కొడతాయని రూఢిగా తెలిసిన చోటే, తెలిసిన వేళలోనే వేయాలి. కొత్త చోట కొత్త లూర్ వేస్తే, చేప లేక కొట్టలేదో, లూర్ నచ్చక కొట్టలేదో ఎప్పటికీ తేలదు. ఒక రోజుకి ఒకటే రకం పెట్టుకుని వెళ్లండి, మిగతావి ఇంట్లో ఉంచండి.

వేసే ముందు కాళ్ల దగ్గర తేట నీళ్లలో ఒక మీటరు దారం వదిలి లూర్‌ని అటూ ఇటూ లాగి చూడండి. నెమ్మదిగా లాగితే తోక ఆడటం ఎక్కడ మొదలవుతోంది, వేగం పెంచితే ఎక్కడ ఒరిగిపోతోంది, రాడ్ కొనకి ఆ అదురు ఎలా తెలుస్తోంది, ఇవన్నీ కళ్లారా చూస్తే దూరాన కనబడనప్పుడు కూడా లూర్ ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. కొట్టకపోతే మార్చాల్సిన వరుస: మొదట లోతు, తర్వాత వేగం, తర్వాత సైజు, రంగు ఆఖరున. ఒకసారికి ఒక్కటే మార్చాలి. చాలామంది రంగుతో మొదలుపెట్టి పెట్టె నింపుకుంటారు.

బెండు:
కప్ప సంగతి నేను చెప్తాను. తప్పు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కప్పలో. కొత్త కప్ప ఒళ్లు గట్టిగా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే రెండు గాలం మొనలూ సులువుగా బయటపడాలి. పడకపోతే వేడి నీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి బాగా పిసకండి. తర్వాత ప్లయర్‌తో రెండు మొనలనీ బయటివైపుకి రెండేసి మిల్లీమీటర్లు వంచండి, అంతకు మించితే గడ్డి పట్టేస్తుంది. నాలుగైదు విసుర్లకోసారి పిండి నీళ్లు తీసేయాలి. నీళ్లు చేరితే తోక మునిగి నడక పోతుంది.

రెండోది చెయ్యి. నీళ్లు ఎగిరిన చప్పుడు వినగానే లాగేస్తున్నారు, అప్పటికి చేప నోరు మూయలేదు.

కొత్తగాలం:
మరి ఎంతసేపు ఆగాలి అన్నా? ఒకటి, రెండు అని లెక్కపెట్టాలా?

బెండు:
లెక్క వద్దు, బరువు చూడండి. చప్పుడు రాగానే రాడ్ కొనని కప్ప వైపుకి దించండి, రీల్ తిప్పి వదులు దారం చుట్టుకోండి, అవతల చేప బరువు తగిలాక అప్పుడు భుజం బలంతో ఒక్క ఊపు. రాడ్ ఎత్తి పట్టుకుని కప్పని నడిపిస్తే ఆ ఊపుకి జాగా మిగలదు. అందుకే కొన మొదటినుంచీ నీటి వైపే ఉండాలి. బరువు తగలకపోతే చేప తప్పిపోయినట్టు. కప్పని అక్కడే ఉంచి చిన్నగా వణికించండి, కొరమీను మళ్లీ తిరిగి కొట్టడం మామూలే.

ఇంకో మాట. మీ రాడ్‌కీ 20 పౌండ్ల దారానికీ దట్టమైన గుర్రపుడెక్క మధ్యలో వేయడం తగదు. అక్కడ హెవీ రాడ్, 40–50 పౌండ్ల బ్రెయిడ్ ఉంటేనే చేపని పైకి లాగగలం. లేకపోతే దారం తెంపుకుని, నోట్లో కప్పతో చేప వెళ్లిపోతుంది. మీరు అంచుల వెంట, నీళ్లు తెరిపిగా ఉన్న సందుల్లో వేయండి. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది. ఆ అల కనబడితే సరిగ్గా దాని మీద కాకుండా రెండు మూడు మీటర్లు అవతల వేసి దాని మీదుగా తీసుకురండి.

నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే మాత్రం దాని దగ్గర లూర్ వేయకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అవి కొట్టేది ఆకలితో కాదు. వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి.

నీలితూనీగ:
సాఫ్ట్ ప్లాస్టిక్‌కి టెక్సస్ రిగ్ (గాలం మొనని ప్లాస్టిక్‌లో దాచే కట్టు) కట్టండి. 4 అంగుళాల దానికి 3/0 ఆఫ్‌సెట్ గాలం (కంటి దగ్గర మెలిక ఉన్నది) సరిపోతుంది. బుల్లెట్ సీసం 5 గ్రాములది, సన్న మొన రాడ్ వైపు వచ్చేలా దారంలోకి ఎక్కించి గాలం కట్టండి. మొనని ప్లాస్టిక్ ముక్కు నడిమధ్యలో గుచ్చి అర సెంటీమీటరు లోపలికి పోనిచ్చి పొట్ట వైపు తీయండి. కంటి దగ్గరి మెలిక దాకా లాగి గాలాన్ని తిప్పండి. ఇప్పుడు గాలాన్ని ప్లాస్టిక్ పక్కన ఆనించి, గాలం కింది వంపు ఎక్కడికి వస్తుందో గోటితో గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గరే నిలువుగా గుచ్చి వీపు మీదికి తీసి, మొనని తోలు కిందకి చిటికెడు దాచండి. గుర్తు పెట్టకుండా గుచ్చితే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది లేదా సాగిపోతుంది. వంకర ప్లాస్టిక్ నీళ్లలో గిరగిర తిరుగుతుంది, దారానికి పురి అక్కడా పడుతుంది. పైనుంచి చూస్తే ముక్కు నుంచి తోక దాకా ఒకే గీతలా ఉండాలి.

గడ్డిలో సీసం ఒక దారి, ప్లాస్టిక్ ఒక దారి పోకుండా సీసం పైన రబ్బరు స్టాపర్ పెట్టండి. అడుగున జిగురు నాచు ఉంటే సీసమే దాన్ని పోగుచేస్తుంది, అక్కడ సీసం తీసేసి వేయండి. ప్లాస్టిక్, గాలం కలిపి 7 గ్రాములు దాటితే మీ రాడ్ విసరగలదు. చాలామంది సీసం బరువు ఒక్కటే లెక్కేస్తారు, రాడ్‌కి మొత్తం బరువు కావాలి.

అడుగు తగిలిందా లేదా అన్నది దారమే చెప్తుంది. లూర్ దిగుతున్నంతసేపూ బ్రెయిడ్ కదులుతూ ఉంటుంది, నేల తాకగానే వదులై నీటిమీద పడిపోతుంది. లూర్ నీళ్లలో పడ్డప్పటినుంచి లెక్కపెట్టి, ఎన్ని అంకెలకి వదులైందో గుర్తుంచుకుంటే తర్వాత సగం లెక్కలో లాగడం మొదలుపెట్టి మధ్య నీటిలో నడపొచ్చు. దిగుతుండగా దారం పక్కకి జరిగినా, ముందే వదులైనా చేప పట్టినట్టే, వెంటనే వదులు చుట్టి ఒక్క ఊపు ఊపండి.

చెరువుగట్టు:
స్పిన్నర్‌కి లూర్ నుంచి 40–50 సెంటీమీటర్ల పైన బాల్ బేరింగ్ స్వివెల్ (దారానికి పురి ఎక్కకుండా తిరిగే చిన్న లింకు) పెట్టండి. మామూలు స్వివెల్ బరువు మీద సరిగా తిరగదు. నడిమి తీగ వంగిందేమో చూడండి, వంగితే స్పిన్నర్ మొత్తం తిరుగుతుంది. రేకు తిరిగేంత వేగమే చాలు. విసిరాక బెయిల్‌ని (రీల్ మీద దారాన్ని పట్టే తీగని) చేత్తో మూయండి. చేప డ్రాగ్ (గట్టిగా లాగితే దారం వదిలే రీల్ బిగింపు) లాక్కుపోతుంటే హ్యాండిల్ తిప్పకండి, స్పిన్నింగ్ రీల్‌లో ప్రతి తిప్పూ పురి ఎక్కిస్తుంది. ఇప్పటికే ఎక్కిన పురి పోవాలంటే లూర్ తీసేసి 40 మీటర్ల దారం గడ్డి మీద పరిచి, వేళ్లతో ఒత్తి పట్టుకుని తిరిగి చుట్టండి. స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) అంచుకి 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి.

క్రాంక్‌బైట్ ఎడమకి పోతే ముక్కు కంటిని (దారం కట్టే రింగుని) కుడికి వంచాలి, కుడికి పోతే ఎడమకి. వెంట్రుక వాసి వంచి చూసుకుంటూ పోవాలి. అంతకన్నా ముందు ముడి కంటిలో పక్కకి జారలేదని చూసుకోండి. స్నాప్ (తెరిచి మూసే చిన్న కొక్కెం) వాడితే ఆ బాధ ఉండదు.

కొత్తగాలం:
నీళ్లు కొంచెం బురదగా ఉన్నాయి, ఇంకా రంగు ఆఖరేనా? లీడర్ (బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే వేరే దారం ముక్క) అవసరమా?

నీలితూనీగ:
రంగు విషయంలో చెరువుగట్టు అన్నతో పూర్తిగా ఏకీభవించను. బురద నీళ్లలో నలుపు లాంటి ముదురు రంగు నీడలా స్పష్టంగా కనబడుతుంది. మొదటి ఎంపికే అలా చేసుకుని, ఆ తర్వాత లోతూ వేగమూ చూడండి. బురదలో నెమ్మదిగా, బాగా అదిరే లూర్ పనికొస్తుంది.

కప్పకి లీడర్ వద్దు, బ్రెయిడ్‌నే పాలొమార్ ముడితో కట్టండి. మిగతావాటికి 60 సెంటీమీటర్ల 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం. రెండు దారాలనీ కలిపే డబుల్ యూని ముడిలో బ్రెయిడ్ వైపు 8 చుట్లు, ఫ్లోరో వైపు 5. బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా లాగితే వేడికి ఫ్లోరో బలం పోతుంది. డ్రాగ్ బిగింపు దారం తెగే బలంలో నాలుగో వంతు ఉండాలి, అంటే 2 కిలోల పైచిలుకు. చేతి అంచనా కాకుండా స్ప్రింగ్ త్రాసు తగిలించి చూడండి.

సాఫ్ట్ ప్లాస్టిక్‌లని క్రాంక్‌బైట్‌తో ఒకే అరలో పెట్టకండి, రంగూ ప్లాస్టికూ కరిగి అంటుకుపోతాయి.

బెండు:
ఇరుక్కున్న లూర్‌ని రాడ్ వంచి లాగొద్దు. ఊడి వస్తే సూటిగా ముఖానికే వస్తుంది, కళ్లద్దాలు తప్పనిసరి. మొదట దారం వదులు చేసి, చోటు మారి అవతలి దిక్కు నుంచి మెల్లగా ఊపి చూడండి. రాకపోతే దారాన్ని ఒక కర్ర ముక్కకి చుట్టి, ముఖం పక్కకి తిప్పుకుని సూటిగా లాగండి. బ్రెయిడ్‌ని ఉత్త చేతికి చుట్టుకుంటే వేలు తెగుతుంది.