యుద్ధ విమానాల ఆట మా అబ్బాయిని ఆడనివ్వవచ్చా? తేల్చుకోలేకపోతున్నాను

మేఘమాల, రాత్రి 11.40

సాయంత్రం ఎనిమిది నుంచి ఇదే పనిలో ఉన్నాను, తల వాచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఆట ఒకటి కావాలని మా అబ్బాయి నెల రోజులుగా ప్రాణం తోడేస్తున్నాడు. రేపు పొద్దున్న ఏ సంగతీ చెబుతానని మాట ఇచ్చాను. ఒక చోట దాని పక్కన 12 అని ఉంది. ఇంకో చోట టి అనే అక్షరం ఉంది. ఏది నమ్మాలి? ఆడినవాళ్ల అభిప్రాయాలు చదివితే సగం మంది రక్తం చుక్క కూడా ఉండదు, ఎవరైనా ఆడుకోవచ్చు అంటారు. మిగతా సగం మంది ఇంజిన్ల గురించి కొట్లాడుకుంటున్నారు. వీడియోలు కూడా చూశాను. నిజమే, రక్తం లేదు. విమానం పొగ కక్కుతూ గిరగిరా తిరిగి పడిపోతుంది, అంతే. అయినా చూస్తున్నంతసేపూ నాకేదో గుచ్చుకుంటూనే ఉంది, అదేమిటో చెప్పలేకపోతున్నాను. ఆడనివ్వవచ్చా, కూడదా? దయచేసి ఒక్క మాటలో చెప్పండి.

నిశ్శబ్దం, రాత్రి 11.52

అబ్బాయి వయసు? ఆట పేరు? కంప్యూటరా, ఫోనా? ఒంటరిగా ఆడేదా, ఆన్‌లైన్‌లోనా? ఇవి తెలియకుండా ఒక్క మాటలో జవాబు రాదు.

గగనవిహారి, రాత్రి 12.10

మేఘమాల గారూ, ముందుగా ఒక మాట. వీటన్నిటినీ ఆటలు అని ఒకే గంపలో వేయకండి. మంచి సిమ్యులేటర్, అంటే నిజం విమానం నడిపినట్టే ఉండే ఆట, పాఠశాలతో సమానం. వేగం తగ్గితే రెక్కకు ఎత్తే బలం పోయి విమానం ఎలా జారిపోతుందో పుస్తకంలో పది సార్లు చదివినా ఎక్కదు, ఒక్కసారి పడిపోతే ఎక్కుతుంది. ఎదుటి విమానం ఉన్న చోటికి కాదు, అది చేరబోయే చోటికి గురిపెట్టాలని పిల్లలు తమంతట తామే కనిపెడతారు. చరిత్ర కూడా అలాగే వస్తుంది. 1940లో బ్రిటన్ గగనతల పోరాటంలో బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే దాని మెర్లిన్ ఇంజిన్ దగ్గేది. ఇంజిన్‌కు ఇంధనం అందించే కార్బ్యురేటర్‌లో ఇంధనం పైకి ఎగిరిపోవడమే కారణం. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109లో ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఏర్పాటు ఉంది కాబట్టి దానికి ఆ బాధ లేదు. అందుకే బ్రిటిష్ పైలట్లు ముందు విమానాన్ని వెల్లకిలా తిప్పి, ఆ తర్వాత దూకేవారు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు రంధ్రం ఉన్న చిన్న లోహపు బిళ్ల ఒకటి అమర్చి ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. ఇంతటి విషయం ఒక పిల్లవాడికి ఆటలో దొరుకుతుంటే వద్దనడం ఎందుకు?

నిశ్శబ్దం, రాత్రి 12.14

అడిగింది కార్బ్యురేటర్ గురించి కాదు.

లక్ష్మణరేఖ, రాత్రి 12.31

ఆ గుర్తుల సంగతి నేను చెబుతాను. టి అనేది అమెరికాలో 1994లో ఏర్పడిన, ఆటలకు వయసు గుర్తులిచ్చే సంస్థ ఈఎస్‌ఆర్‌బీ వేసేది, 13 ఏళ్లు, ఆపైవారికి అని అర్థం. 12 అనేది 2003 నుంచి ఐరోపాలో నడుస్తున్న ఇలాంటి పద్ధతే అయిన పెగీ వేసే గుర్తు, 12 ఏళ్లు, ఆపైవారికి అని. చూడటానికి వేరుగా ఉన్నా రెండూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి.

ఆ గుర్తు ఏం చెప్పదో కూడా తెలుసుకోండి. ఆట ఎంత కష్టమో చెప్పదు. తెరమీద ఏం కనిపిస్తుందో దాన్నే ఎక్కువగా కొలుస్తుంది. విమానాల ఆటలు పెద్ద అంకెల దాకా పోకుండా మధ్యలోనే ఆగడానికి కారణం, వాటిలో మనిషి ఒంటికి తగిలే దెబ్బ సాధారణంగా కనిపించకపోవడమే. రేకు చిరుగుతుంది, రెక్క ఊడుతుంది, లోపల కూర్చున్నవాడు కనబడడు. చావు లేదని కాదు, దూరంగా ఉంది. మీకు గుచ్చుకున్నది అదే అయి ఉంటుంది.

ఇంకొకటి. ఆన్‌లైన్‌లో అపరిచితులు ఏం మాట్లాడతారన్నది టి అనే ఆ అక్షరం లెక్కలోకే రాదు. ఆడేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుందని ఈఎస్‌ఆర్‌బీ విడిగా ఒక గమనిక మాత్రం పెడుతుంది. చాలామంది ఆ చిన్న అక్షరాల దాకా పోరు.

గగనవిహారి, రాత్రి 12.40

మనిషే కనబడనప్పుడు దాన్ని హింస అనడం ఎలా? అది యంత్రానికీ యంత్రానికీ మధ్య పోరాటం. ఈ రెండు మాటలనూ కలిపేయడం వల్లే తల్లిదండ్రులు అనవసరంగా భయపడుతున్నారు.

లక్ష్మణరేఖ, రాత్రి 12.47

పోరాటం అన్నంత మాత్రాన హింస కాకుండా పోతుందా? కనబడని హింసకు పెగీలోనే చోటు ఉంది. సూచనగా మాత్రమే ఉండి వివరంగా చూపని హింస అయితే 7 కూడా ఇస్తారు. అంటే అంకె తగ్గిందే తప్ప హింస లేదని ఎవరూ అనలేదు. మీరు యంత్రం అంటున్న దానిలో ఒక పాతికేళ్ల కుర్రవాడు కూర్చుని ఉన్నాడు.

గగనవిహారి, రాత్రి 12.52

ఆ కుర్రవాడి పట్ల నాకున్న గౌరవం వల్లే ఈ విమానాల గురించి ఇన్నేళ్లుగా చదువుతున్నాను. అది లేదనుకోకండి.

మేఘమాల, రాత్రి 1.05

వయసు చెప్పలేదా? క్షమించండి, చెప్పాననే అనుకున్నాను. తొమ్మిది నిండాయి. కంప్యూటర్‌లో ఆడేది. ఆట ఉచితమే, కానీ మంచి విమానం కావాలంటే డబ్బు కట్టాలట, అది కొనిపెట్టమనే గొడవంతా. ఆన్‌లైన్‌లోనే. స్నేహితుడి ఇంట్లో వాళ్ల అన్నయ్య ఖాతాతో ఇప్పటికే ఆడుతున్నాడు, చెవులకు తగిలించుకుని ఎవరెవరితోనో మాట్లాడుతూ. ఇదంతా నాకు మొన్ననే తెలిసింది.

అసలు ఈ ఆరా తీయడానికి కారణం కూడా చెప్పాలి. నిన్న రాత్రి పడుకోబోతూ వాడు అడిగాడు: “అమ్మా, విమానం కాలిపోతే ఆయన పారాచూట్ వేసుకుని దిగుతున్నాడు. కాల్చెయ్, కాల్చెయ్ అన్నారు. నేను కాల్చలేదు. కాల్చాలా?” నా నోట మాట రాలేదు. పడుకో నాన్నా అన్నాను.

చరిత్ర మాస్టారు, తెల్లవారుజామున 5.20

అమ్మా, ఇప్పుడే చూశాను. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది, వాడికి చెప్పండి. యుద్ధంలో ఏది చేయకూడదో చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ఒడంబడికలో 42వ అధికరణం ఇదే చెబుతుంది. ఆపదలో చిక్కుకున్న విమానం నుంచి పారాచూట్‌తో దూకినవాడిపై అతడు దిగుతున్నంతసేపూ దాడి చేయకూడదు. శత్రువు అధీనంలోని నేలపై దిగితే లొంగిపోయే అవకాశం ముందు ఇవ్వాలి. అంటే తొమ్మిదేళ్ల పిల్లవాడు తనంతట తాను సరైన పనే చేశాడు. ఆ మాట వాడు మీ నోట వినాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇలాంటి కట్టుబాటు అమల్లో లేదు. 1923లో హేగ్‌లో తయారైన వైమానిక యుద్ధ నియమాల ముసాయిదాలో ఇది ఉంది గానీ దేశాలు దాన్ని ఒప్పందంగా స్వీకరించలేదు. ఆ యుద్ధంలో పైనుంచి ఏం జరిగిందో మనకు తెలుసు. 1945 మార్చి 9 రాత్రి నుంచి 10 తెల్లవారేలోపు టోక్యోపై కురిసిన నిప్పు బాంబులకు లక్ష మంది వరకు చనిపోయారని అంచనా. బాంబులు వేసిన విమానంలో నుంచి చూస్తే అది కింద ఒక వెలుగు.

గగనవిహారి, ఉదయం 6.02

మాస్టారూ, ఒక సవరణ. దాడి చేయడానికి పారాచూట్‌లతో దిగే సైనిక దళాలకు ఆ రక్షణ లేదు. పారాచూట్ కనబడగానే కాల్చకూడదని పిల్లవాడికి నేర్పితే అది తప్పు చరిత్ర అవుతుంది.

చరిత్ర మాస్టారు, ఉదయం 6.10

నిజమే, అదే అధికరణం చివర ఆ మాట ఉంది. కానీ బాబూ, వాడు చూసింది కాలిపోతున్న విమానం నుంచి దూకినవాణ్ణి.

ఇద్దరు పిల్లల తల్లి, ఉదయం 6.35

మేఘమాలా, నేను కూడా ఈ దారిలోనే వచ్చాను కాబట్టి చెబుతున్నాను. మా పెద్దవాడికి పదేళ్లప్పుడు పక్కన కూర్చుని చూశాను. అప్పటివరకు దూరం నుంచి ఆ శబ్దాలు విని అంతా తెలుసనుకునేదాన్ని. బాంబులు వేసే విమానం ఎంచుకున్నాడు. తెర నిండా నల్లటి చట్రం, దాని నడుమ బూడిద రంగు పైకప్పులు, వాటి మధ్య దారం లాంటి దారి. మీట నొక్కాడు. కింద చిన్న తెల్లని పువ్వులు వరుసగా విచ్చుకున్నాయి. పైన మూలలో అంకె పెరిగింది. “అక్కడ ఎవరున్నారు నాన్నా?” అన్నాను. “ఎవరూ లేరు, ఫ్యాక్టరీ.” “మరి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు?” వాడి చేయి మౌస్ మీదే ఉండిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు.

ఆట మాన్పించలేదు. ఆ తర్వాత ఏ ఆటలు ఆడాలో మేమిద్దరం కలిసి చూసుకునేవాళ్లం. విమానానికి ఎదురు విమానం ఉన్నవి ఆడేవాడు. ఊళ్లపై బాంబులు వేసేవి తనే పక్కన పెట్టాడు.

మీ విషయంలో నన్ను అడిగితే, తొమ్మిదేళ్లకు ఆన్‌లైన్ వద్దు. ఆట వల్ల కాదు, ఆ చెవుల్లో వినబడే గొంతుల వల్ల. కాల్చెయ్ అన్నది ఆట కాదు కదా, ఎవరో మనిషి. మాటల సౌకర్యాన్ని చాలా ఆటల్లో, కంప్యూటర్‌లోని తల్లిదండ్రుల నియంత్రణలో ఆపేయవచ్చు, కానీ అది పెద్దపిల్లవాడి ఖాతా అయితే మీరేం ఆపుతారు? కొనుగోళ్లకు రహస్య సంఖ్య పెట్టండి. ఉచిత ఆటల్లో చాలావాటిలో తర్వాతి విమానం రావడానికి వారాల తరబడి ఆడాలి, డబ్బు కడితే వెంటనే వస్తుంది. ఆ ఆత్రంలో పెద్దవాళ్లే నిలవలేరు. ఇంకా చూడాల్సింది ఒకటుంది. ఇక చాలు అన్నప్పుడు ఎలా లేస్తున్నాడు? విసుక్కుంటే పరవాలేదు. తిండీ నిద్రా దానికోసం వదిలేస్తుంటే మాత్రం ఏ అంకె ఉన్నా ఆపాల్సిందే.

లక్ష్మణరేఖ, ఉదయం 6.50

మీరు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ తొమ్మిదేళ్లవాడికి 12 అని రాసి ఉన్నది ఇవ్వకూడదన్నది ముందు చెప్పాలి. పక్కన కూర్చుంటే చాలు అంటే ఇక ఆ గుర్తులు ఎందుకు?

ఇద్దరు పిల్లల తల్లి, ఉదయం 6.58

గుర్తు చూడవద్దని నేను అనలేదండీ. గుర్తు చూసి ఊరుకోవద్దన్నాను. 12 ఏళ్లు నిండిన రోజున ఆ గొంతులు మంచివైపోతాయా?

నిశ్శబ్దం, ఉదయం 7.05

తొమ్మిదేళ్లు, ఆన్‌లైన్, ఇంకొకరి ఖాతా. వద్దు. ఆట పేరు చెబితే ఒంటరిగా ఆడే భాగం ఉందో లేదో చూసి చెబుతాను.

మేఘమాల, ఉదయం 8.15

వాడు లేచాడు. ముందు మాస్టారు చెప్పిన మాట చెప్పాను. “అయితే నేను చేసింది కరెక్టేనా?” అని రెండు సార్లు అడిగాడు. ఆ తర్వాత ఆన్‌లైన్ ఆట ఇప్పుడు కాదన్నాను, అలిగి పాలు తాగకుండా వెళ్లిపోయాడు. స్నేహితుడి వాళ్ల అమ్మతో సాయంత్రం మాట్లాడాలి, ఆమె ఏమనుకుంటుందో. ఒంటరిగా ఆడేది ఏదైనా ఆదివారం ఇద్దరం కలిసి చూద్దామనుకున్నాం. బడికి ఆలస్యమవుతోంది, అందరికీ ధన్యవాదాలు.

గగనవిహారి, ఉదయం 8.40

ఒంటరిగా ఆడేదైతే మొదట తుపాకుల జోలికి పోకుండా విమానం ఎగరేయడం, దించడం నేర్చుకోనివ్వండి. దించడమే కష్టం, పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది కూడా. మౌస్ కన్నా జాయ్‌స్టిక్ మంచిది. బాబుది ఎడమచేతి వాటమా? అయితే కొన్ని జాయ్‌స్టిక్‌లు పనికిరావు, ముందే చూసుకోవాలి.