మీటియర్ 350: ఇద్దరం తిరగడానికి పనికొస్తుందా?

బెల్లం_మార్కెట్ (అనకాపల్లి)

అందరికీ నమస్తే. నాకు 47 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇన్నాళ్లూ 125 సీసీ బండితోనే నెట్టుకొచ్చాను. పాప హాస్టల్‌కి వెళ్లిపోయింది కాబట్టి ఆదివారాలు నేనూ మా ఆవిడా ఎటైనా వెళ్దామని ఆలోచన. మొన్న షోరూంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మీద కూర్చున్నాను. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాయి. దిగబుద్ధి కాలేదు.

సేల్స్ కుర్రాడు ఎలాగూ ప్లస్సులే చెప్తాడు. మైనస్సులు మీరు చెప్పండి. మా దారులు: హైవే మీద వైజాగ్, అప్పుడప్పుడు అరకు, చలికాలం లంబసింగి. మా ఆవిడ చీరలో ఒక పక్కకే కూర్చుంటుంది. మా తమ్ముడు బజాజ్ అవెంజర్ చాలంటాడు. బావమరిది సూపర్ మీటియర్ 650 తీసుకోమంటాడు. డబ్బులు నావి కాబట్టి వాడు అలాగే అంటాడు.

ఘాట్_మాస్టారు (ఎస్.కోట)

బెల్లం గారూ, 2021 నుంచి నాది ఈ బండే, స్టెల్లార్ మోడల్. ఇల్లు ఎస్.కోటలో, బడి అనంతగిరి పైన. అంటే రోజూ ఘాట్ ఎక్కి దిగడమే. చెప్పేది ఫిజిక్సు, కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

షోరూంలో మీకు దిగబుద్ధి కాకపోవడానికి కారణం ఆ కూర్చునే తీరు. కిందికి ఉన్న సీటు, ముందుకి చాపిన కాళ్లు. అసలు తంటా కూడా అక్కడే. మామూలు బండి మీద గొయ్యి కనబడగానే మనకి తెలియకుండానే పాదాల మీద బరువేసి సీటు మీంచి కొంచెం లేస్తాం. సగం దెబ్బ మోకాళ్లే మింగేస్తాయి. మీటియర్ మీద ఫుట్‌రెస్టులు మన తుంటికి కింద ఉండవు, ముందు ఉంటాయి. లేవాలంటే హ్యాండిల్ పట్టుకుని ఒంటిని ముందుకి లాక్కోవాలి. అంత టైము గొయ్యి మనకివ్వదు. వెనక షాకబ్జర్లు కూడా కాస్త బిరుసే, ముఖ్యంగా ఒక్కరే ఉన్నప్పుడు. దాంతో కుదుపు మొత్తం వెన్ను కింది ఎముకకే. వానాకాలం వెళ్లాక మా వైపు రోడ్ల మీద 40లో పోతుంటేనే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

అదే బండిని మీ అనకాపల్లి-ఆనందపురం ఆరు వరుసల రోడ్డెక్కించి, టాప్ గేరులో 80 దగ్గర వదిలేయండి. భుజాలు, మణికట్లు, మెడ దేని మీదా భారం ఉండదు. పాత థండర్‌బర్డ్ నడిపినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 80 దాటితే అద్దంలో వెనక లారీ కనబడేది కాదు, ఏదో రంగు మాత్రం వణికేది. ఈ కొత్త ఇంజన్‌లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, అద్దంలో లారీ నంబరు చదువుకోవచ్చు.

20 హెచ్‌పీ అంటే చాలామంది పెదవి విరుస్తారు. ఘాట్‌లో మనక్కావలసింది హెచ్‌పీ కాదు. 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇంజన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడే అందుతుంది కాబట్టి ఇద్దరితో కూడా రెండో గేరు, మూడో గేరులో గొణగకుండా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచండి, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. మలుపులో మరీ వాల్చారా, ఫుట్‌రెస్ట్ రోడ్డుకి గీసుకుంటుంది. అంతకుమించి వాల్చొద్దని అది చెప్పే మాట.

హైవే మీద మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 90 మీద పోతున్నప్పుడు ఇంకా పికప్ కావాలంటే రాదు. ముందున్న బస్సుని దాటాలంటే చాలా ముందే లెక్క వేసుకోవాలి. ఉన్నవి అయిదు గేర్లే, నాలుగో గేరులోకి దించినా పెద్దగా ఒరిగేదేం లేదు.

బరువు 191 కిలోలు. నడుస్తున్నంతసేపూ తెలియదు. గుడి దగ్గర పల్లంలో మూతి కిందికి పెట్టి ఆపితే తెలుస్తుంది. తిరిగొచ్చాక మన వయసువాళ్లు కూర్చుని కాళ్లతో వెనక్కి నెట్టలేరు. ఎక్కడ ఆపినా మూతి రోడ్డు వైపే పెట్టండి.

ఇక మీ ఆవిడగారి సంగతి. మీటియర్‌లోనే స్టెల్లార్, సూపర్‌నోవా అనే మోడళ్లకి బ్యాక్‌రెస్ట్ వస్తుంది, అది చూసి మురిసిపోకండి. రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చున్నవాళ్లకే అది వీపుకి ఆనేది. ఒక పక్కకి కూర్చుంటే ఎడమ తుంటికి తగులుతూ ఉంటుంది. సైలెన్సర్ కుడివైపు కాబట్టి చీర కాలుతుందన్న భయం లేదు. చీర గార్డూ, పాదాలు పెట్టుకునే ప్లేటూ బిగించాకే బండి తీసుకోండి.

అవెంజర్_అన్న (రాజమండ్రి)

మాస్టారూ, మా అవెంజర్ ఊసే ఎత్తలేదు, తమ్ముడిగారు అన్న ఒక్క మాటతోనే సరి! అవెంజర్ క్రూజ్ 220 బరువు 163 కిలోలే. సీటు ఎత్తు 737 ఎంఎం, మీటియర్‌ది 765. గల్లీల్లో తిప్పడం తేలిక, పికప్ కూడా చురుగ్గా ఉంటుంది. దాచేదేం లేదు, స్పోకుల చక్రాలు కాబట్టి ట్యూబు టైర్లు. పంచరైతే చక్రం ఊడదీయాల్సిందే. బ్రేకు గట్టిగా వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ముందు చక్రానికే. ఆడవాళ్లని ఎక్కించుకుని ఘాట్‌కి వెళ్లేవాళ్లయితే ఈ రెండూ చూసుకోండి. నేను సింగిల్‌గానే తిరుగుతాను, నాకిది చాలు.

పద్మ_రైడ్స్ (హైదరాబాద్)

ఇంతమంది మగాళ్లు ఆవిడ తుంటి గురించి మాట్లాడేస్తున్నారు, ఆవిడ్ని షోరూంకి తీసుకెళ్లారా లేదా అని ఒక్కరైనా అడగరే!

నేను 5 అడుగుల 1 అంగుళం. 2022 నుంచి మీటియర్ నేనే నడుపుతున్నాను. సీటు కిందికి ఉండటం వల్ల సిగ్నల్ దగ్గర టెన్షన్ లేదు. ఆ బరువూ కిందే ఉంటుంది, కదిలాక బండి తేలికే. నన్ను విసిగించేది క్లచ్. అమీర్‌పేట ట్రాఫిక్‌లో సాయంత్రానికి ఎడమ చెయ్యి లాగేస్తుంది. 2025లో వచ్చిన కొత్త మోడల్‌కి స్లిప్ అసిస్ట్ క్లచ్, అంటే తేలిగ్గా నొక్కగలిగేది, పెట్టారు, వేళ్లతో పట్టి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. హెడ్‌లైట్ కూడా అన్ని మోడళ్లకీ ఎల్‌ఈడీ అయింది. సెకండ్ హ్యాండ్‌లో పాత మోడల్ చూస్తుంటే ఆ క్లచ్ ఉండదని, చాలావాటికి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ కూడా ఉండదని గుర్తుంచుకోండి.

మీటరు పక్కన దారి చూపించే ట్రిప్పర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ బ్లూటూత్‌తో కలిస్తేనే పనిచేస్తుంది, నా బండిలో చూపించేది మ్యాప్ కాదు, బాణం గుర్తులే. ఘాట్‌లో సిగ్నల్ లేకపోతే దాన్నీ నమ్మలేం.

ఒక్క మంచి మాట. మడమతోనూ వేళ్లతోనూ వేసే గేర్ లివర్ ఉంది. చెప్పులు వేసుకుని పాలకి వెళ్లినా పైకి గేరు మార్చడానికి చెప్పు అరగదు.

షెడ్డు_స్పానర్ (గాజువాక)

మెకానిక్ మాట కూడా వినండి సార్. ఇదే ఇంజన్ క్లాసిక్‌కి, హంటర్‌కి, కొత్త బుల్లెట్‌కి కూడా వస్తుంది. పార్టులు దొరకవన్న భయం లేదు, చేయి తిరిగిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు. చైన్‌కి మాత్రం 500 కిలోమీటర్లకోసారి ల్యూబ్ కొట్టించండి. ఎండిన చైన్‌తో వచ్చి "ఇంజన్‌లో సౌండ్ వస్తోంది" అనేవాళ్లే సగం మంది.

మాస్టారు చెప్పిన వెనక షాకబ్జర్ల బిరుసుకి ఒక ఉపాయం. స్ప్రింగ్ మొదట్లో గాట్లున్న రింగు ఉంటుంది, ఆరు మెట్లు. కొక్కెంలా వంగిన సి-స్పానర్ గాట్లో పెట్టి తిప్పితే టక్కున తర్వాతి మెట్టుకి వెళ్తుంది. రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండాలి. ఒక్కరే తిరిగేటప్పుడు అన్నిటికంటే మెత్తని మెట్టు, ఇద్దరితో ఘాట్‌కి వెళ్లేటప్పుడు రెండు మూడు మెట్లు గట్టిగా. చాలామంది కొన్ననాటి నుంచీ దాన్ని ముట్టుకోరు.

సూపర్ మీటియర్ 650 గురించి: బరువు 241 కిలోలు, నేలకీ బండికీ మధ్య జాగా 135 ఎంఎం. మీటియర్ 350కి 170. మన స్పీడ్‌బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్నవి, ఇద్దరితో ఎక్కితే కడుపు గీసుకుంటుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటినవాటికి 40కి ఎక్కింది. సగం డబ్బులు బావమరిదిని కట్టమనండి, సలహా ఆగిపోతుంది.

బెల్లం_మార్కెట్

పద్మ గారు అన్నాక సిగ్గేసి ఈరోజు ఇద్దరం వెళ్లాం. టెస్ట్ రైడ్ ఇచ్చారు. నాకు చాలా బాగుంది. ఆవిడ దిగి, "ముందు సీటు సోఫా, వెనక సీటు పీట" అని తేల్చేసింది. ఇప్పుడేం చెయ్యమంటారు?

ఘాట్_మాస్టారు

అమ్మగారు ఒక్క ముక్కలో చెప్పారు, నేనేమో పేజీ రాశాను.

ఇప్పుడు క్లాసిక్ 350 కూడా ఒకసారి నడపండి. ఇంజన్ ఇదే, ఫుట్‌రెస్టులు మీ కిందే ఉంటాయి, గొయ్యి వస్తే లేవొచ్చు. కాకపోతే సీటు 805 ఎంఎం, మీ ఎత్తుకి మునివేళ్లే ఆనుతాయి. వెనక ఆవిడ కూర్చున్నాక మునివేళ్ల మీద బండి ఆపగలరా అన్నది మీరే చూసుకోవాలి. ఆపలేననిపిస్తే మొహమాటం లేకుండా మీటియర్‌కే రండి. వెనక సీటుకి వెడల్పాటి ఫోమ్ వేసి కొత్త కవర్ కుట్టేవాళ్లు వైజాగ్‌లో చాలామంది ఉన్నారు. ముందు సీటుని మాత్రం ముట్టుకోనివ్వకండి, ఎత్తు పెరిగితే మీరు కొన్న ప్రయోజనం పోతుంది.

ఏ బండైనా సరే, గతుకుల రోడ్డు మీద ఇద్దరూ కలిసి ఓ అరగంట తిరగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

బెల్లం_మార్కెట్

అదే అడిగాను మాస్టారూ. సేల్స్ కుర్రాడు హైవే సర్వీస్ రోడ్డు దాటి వెళ్లొద్దంటున్నాడు.

షెడ్డు_స్పానర్

"సరే, పక్క షోరూంలో అడుగుతాం" అనండి సార్. చింతపల్లి దాకా వెళ్లి రమ్మంటాడు.