సమస్య: బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె

నిర్వాహకుడు (మల్లేశ్వరం)
ఈ వారం పాదం, దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి:

*బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె*

ఎక్కడిదంటే చెబుతాను. మొన్న శనివారం మా బావమరిది కొత్త సినిమా చూసి, అటునుంచి ఇందిరానగర్‌లో ఒక గోధుమ బీరు తాగి ఇంటికొచ్చాడు. హాల్లో కూర్చుని, సినిమాలో కథ ఎక్కడ దారి తప్పిందో అరగంట విడమరిచి చెప్పాడు. ఒక్క మాట కూడా పొల్లు పోలేదు. మా అమ్మగారు విని "బీరు తాగాక వీడికి బుద్ధొచ్చిందిరా" అన్నారు. ఆ మాటే పాదమై కూర్చుంది. ఎండలు ముదిరాయి, సెలవుల సినిమాలు వరుస కట్టాయి. రెండూ కలిసేలా రాస్తే సంతోషం. ఆదివారం రాత్రి దాకా గడువు.

మారతహళ్లి మధువ్రతం
అందరికంటే ముందు నేనే.

*మూడు గంట లాట మూర్ఛిల్లి చూచి యా*
*వెఱ్ఱి కథకు విసిగి, వెలికి వచ్చి,*
*మరల చూడ ననుచు మాటిచ్చె సతికిని*
*బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె.*

ఇది నా అనుభవమే. సినిమా పేరు చెప్పను, ఈ వేసవిదే. ఒకే ఫైటు మూడుసార్లు స్లో మోషన్‌లో వచ్చింది. హీరోయిన్ తండ్రి చనిపోతూ చెప్పిన మాట నేపథ్య సంగీతంలో కొట్టుకుపోయింది. చివర్లో "రెండో భాగంలో కలుద్దాం" అని అట్ట వేశారు. బయటికొచ్చి చల్లటి లాగర్ ఒకటి తాగితే గానీ తల నెప్పి దిగలేదు.

నిర్వాహకుడు
మధువ్రతం గారూ, మీ పూరణ బాగుంది. అభినందనలు. "మాటిచ్చె సతికిని" దగ్గర పద్యం ఇంటి గడప ఎక్కింది. ఆ పాదమే మీ పద్యానికి ప్రాణం.

ఊర్వశి బాల్కనీ
నాకు పద్యం రాయడం రాదు గానీ, సినిమా విషయంలో ఊరుకోలేను. అన్నా, "మూడు గంటల ఆట" అంటూ నిడివి మీద నింద వేశారు, అది అన్యాయం. 2024 డిసెంబరు 5న వచ్చిన పుష్ప 2 నిడివి 3 గంటల 20 నిమిషాలు. గంగమ్మ జాతరలో అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడుతుంటే నా పక్క సీట్లో పెద్దాయన చెప్పులు విప్పి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ ఇరవై నిమిషాలు హాల్లో ఎవరూ ఫోను తీయలేదు. 2025 అక్టోబరు 31న బాహుబలి రెండు భాగాలూ కలిపి ఒకటిగా వేస్తే అది ఇంచుమించు 3 గంటల 45 నిమిషాలు వచ్చింది. దాన్నీ కూర్చుని చూశాం, మళ్లీ చూడమన్నా చూస్తాను. నిడివి నొప్పి పెట్టదు. ఎడిటింగ్ టేబుల్ మీద ఎవరూ ధైర్యం చేయకపోతేనే నొప్పి. మీ పద్యంలో తప్పంతా గంటల మీదికి పోయింది.

మారతహళ్లి మధువ్రతం
తమ్ముడూ, ఒప్పుకున్నాను. "మూడు గంట లాట" బదులు "మూడు ఫైటు లాట" అన్నా గణం (పాదంలో అక్షరాల కొలత) చెడదు. కానీ "మూడు గంట"లో ఉన్న నిట్టూర్పు అందులో ఉండదు. అలాగే ఉంచేస్తాను.

హెబ్బాళ కోడలు
నాకు సినిమా తోచలేదు. మా వంటింట్లోంచి రాశాను.

*ఎండ మండు వేళ నింటికి చుట్టాలు*
*వచ్చి యడుగ కలిపె వదిన తాను*
*నిమ్మ రసము పిండి నేర్పుగా నల్లంపు*
*బీరు, గ్రోలి యతడు విజ్ఞుడయ్యె.*

అల్లం బీరు నిజంగా చేస్తాం మా ఇంట్లో. అల్లం తురిమి, పంచదార, నిమ్మరసం, నీళ్లు కలిపి సీసాలో పోసి, రెండు మూడు రోజులు మూత వదులుగా పెట్టాలి. మూత బిగించి మరిచిపోతే సీసా పగులుతుంది. తీయగానే బుస్సుమని పొంగితే అయినట్టే. బీరు కావాలని అడిగిన చుట్టానికి ఈ గ్లాసు ఇచ్చాను. తాగి, ఇంకోటి అడిగాడు.

చామరాజపేట ఛాందసుడు
అమ్మాయ్, విరుపు చక్కగా పడింది. "అల్లంపు బీరు"ని పై వాక్యానికిచ్చి, "గ్రోలి"తో కొత్త వాక్యం ఎత్తుకున్నారు. అయితే మొదటి పాదంలో వచ్చింది "చుట్టాలు", నాలుగో పాదంలో తాగింది "అతడు" ఒక్కడే. తక్కినవాళ్లు దాహంతో కూర్చున్నారా? "చుట్టమ్ము" అనండి. గణం అదే, చిక్కు తీరిపోతుంది.

హెబ్బాళ కోడలు
మార్చేశాను బాబాయ్ గారూ. "ఎండ మండు వేళ నింటికి చుట్టమ్ము." ధన్యవాదాలు.

బెళ్లందూరు బాటసారి
ఇది నా మూడో పూరణ. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

*అరటి పండు వాస నల్లన వీచగా*
*లవంగ ఘాటు కలసి లలితముగను*
*మీస మంటు నురుగు మెల్లగా దుడుచుచు*
*బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె.*

గోధుమ బీరు మొదటిసారి తాగినప్పుడు అరటిపండు కలిపారనుకున్నాను. అక్కడ కాచే అతన్ని అడిగితే, పండూ లేదు లవంగమూ లేదు, పులియబెట్టే ఈస్టే ఆ రెండు వాసనలూ పుట్టిస్తుందని చెప్పాడు. జర్మన్ పద్ధతిదట. బెల్జియం పద్ధతిలో మాత్రం నారింజ తొక్క, ధనియాలు నిజంగానే వేస్తారట. ఆ రోజు నుంచి గ్లాసు ఎత్తగానే ముందు వాసన చూస్తున్నాను. ఆ తెలుసుకోవడమే నాకు విజ్ఞత అనిపించింది.

చామరాజపేట ఛాందసుడు
నాయనా, మూడో పాదం చదివి చాలాసేపు అక్కడే ఆగాను. మీసం మీది నురుగును మెల్లగా తుడుచుకోవడం, అది కళ్లారా చూసినవాడికే వస్తుంది. ఇక తప్పు చెబుతాను. "లవంగ" రెండో పాదం మొదట నిలవదు. లఘువు, గురువు, లఘువు, ఏ గణంలో సర్దుతావు? లవంగాన్ని పాదం మొదట్లో పెట్టకు, ముందు రెండు లఘువులు ఆసరా ఇవ్వు. "తగు లవంగ ఘాటు తావి తోడ" అను. "తగుల", "వంగ" అని విరిగి రెండు గణాలూ పడతాయి, యతి కూడా కుదురుతుంది. వాసన ఎక్కడిదో నువ్వు కింద వచనంలో చెప్పావు, అది పద్యంలోకి రాలేదు. అందువల్ల విజ్ఞత ఇంకా బయటే ఉంది.

బెళ్లందూరు బాటసారి
గురువుగారూ, "తగు లవంగ" చదివి లేచి నిలబడ్డాను. రెండ్రోజులు దానితోనే కుస్తీ పట్టాను నేను. విజ్ఞతను లోపలికి తెచ్చే ప్రయత్నం చేస్తాను.

జయనగరం జాబిల్లి
ఇదిగో నాది.

*చర్చి వీథిలోన చక్కని గ్రంథమ్ము*
*కొనియె బీరు సొమ్ము కోరి యిచ్చి;*
*తేనె లూరు దోహ తెలిపిన యట్టి క-*
*బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె.*

చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల కొట్లూ బీరు దొరికే చోట్లూ ఒకే వరుసలో ఉంటాయి. పోయిన నెల మా తమ్ముడు పబ్బుకని బయలుదేరి, బ్లాసమ్‌లోకి తొంగి చూసి, 240 రూపాయలు పెట్టి కబీరు దోహాల పుస్తకం కొనుక్కుని ఇంటికొచ్చాడు. మగ్గం ముందు కూర్చుని నేత నేస్తూ రెండేసి పాదాలు చెప్పిన మనిషి ఆయన. వాడు రాత్రి పన్నెండు దాకా పైకి చదువుతూనే ఉన్నాడు.

నిర్వాహకుడు
క-బీరు! అమ్మా, ఈ పాదం ఇచ్చినప్పుడు నాకు ఇది తట్టనే లేదు. నా పాదంలో మీ కబీరు మొదట్నుంచీ దాక్కుని ఉన్నాడన్నమాట. మనఃపూర్వకంగా అభినందనలు.

ఊర్వశి బాల్కనీ
అక్కా, నాకు ఒళ్లు జలదరించింది. ఇంటర్వెల్ ముందు ట్విస్టు ఇలా పడాలి!

చామరాజపేట ఛాందసుడు
జాబిల్లి గారూ, క-కార చమత్కారానికి నమస్కారం. ఈ వారం ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే పై మెట్టు. రెండు మాటలు. ఒకటి, కబీరును గ్రోలడం ఎలా? గ్రోలవలసింది దోహను. రెండు, మూలంలో "దోహా", మీరు "దోహ" అన్నారు.

జయనగరం జాబిల్లి
"తిక్కనను చదివాను" అంటే తిక్కన రాసింది చదివానని. "కబీరు గ్రోలి" అన్నా అంతే. "సీతా" మన నోట "సీత" అయినట్టే "దోహా" కూడా "దోహ" అయింది. ఇవి మీకు తెలియనివి కావు.

ఇప్పుడు నేను ఒక మాట అడుగుతాను. సంవత్సరం నుంచి నా మనసులో ఉన్న మాట. నిరుడు ఏప్రిల్‌లో మామిడి మీద పాదం ఇచ్చినప్పుడు నేను ఇలా ఎత్తుకున్నాను:

*మంచు గ్లాసు నిండ మామిడి బీరెత్త*
*పసిడి రంగు తోడ పరిమళించె...*

బాదామి మామిడితో చేసిన బీరు అది, మూడు వారాలే దొరుకుతుంది. ఆ పద్యం నాకు చాలా ఇష్టం. మీరు "గ్లా" సంయుక్తం (రెండు హల్లులు కలిసిన అక్షరం) కాబట్టి దాని ముందున్న "చు" గురువవుతుందని, గణభంగమని తేల్చేశారు. పూరణల పట్టీలో నా పేరు పక్కన తప్పు గుర్తు పడింది. ఈ వారం పాదం చూడండి, "బీరు గ్రోలి". "గ్రో" సంయుక్తం కాదా? "రు" గురువు కాలేదేం? నా పద్యంలో "చక్కని గ్రంథమ్ము" కావాలనే పెట్టాను. దాన్నీ మీరు పట్టించుకోలేదు. నా గ్లాసు తప్పయితే ఈ పాదమూ తప్పే. ఈ పాదం ఒప్పయితే నా గ్లాసూ ఒప్పే.

మారతహళ్లి మధువ్రతం
నిరుడు ఆ చర్చలో నేను ఛాందసుడు గారి పక్షం మాట్లాడాను. జాబిల్లి గారూ, ఇప్పుడు పైకి చదివి చూస్తే "మంచు" దగ్గర నా నోరు ఎక్కడా ఊనలేదు. పొరపాటు నాదీ.

నిర్వాహకుడు
పాదం ఇచ్చింది నేను కాబట్టి సమాధానం నాదే. "బీరు", "గ్రోలి" వేరువేరు మాటలు. ముందున్నది తెలుగులో కలిసిపోయిన మాట, దాని చివరి హ్రస్వం లఘువుగానే నిలుస్తుంది. సంస్కృత సమాసంలో అయితే ఊనిక పడి గురువవుతుంది. నిరుడు "మంచు గ్లాసు"ను ఒక్క సమాసంగా పట్టుకుని చర్చ సాగింది. ఆ రోజు నేను కలగజేసుకోవలసింది, చేసుకోలేదు.

చామరాజపేట ఛాందసుడు
నిన్నటి నుంచీ జవాబు రాయలేదు, ఆలోచిస్తూ ఉన్నాను. నిరుడు నేను "మంచు గ్లాసు" అన్నది సమాసం అన్నాను. సమాసమే, ఇప్పటికీ అంటాను. కానీ "మంచు" తెలుగు మాట, "గ్లాసు" ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. అందులో సంస్కృత సమాసపు నియమం తెచ్చి పెట్టడం నా తొందరపాటు. పద్యం పైకి చదవకుండా, కాగితం మీద గీతలు పెట్టి తీర్పు చెప్పాను. నా పూరణ ఇది:

*చల్లనైన గ్లాసు చప్పున దించుచు*
*మెట్రొ బండి యెక్కి మేలు నెంచి*
*పోలిసుల భయమ్ము పోగొట్టుకొని నేడు*
*బీరు గ్రోలి యతడు విజ్ఞుడయ్యె.*

మా అబ్బాయి సంగతి. ఎం.జి. రోడ్డులో స్నేహితులతో ఒకటి తాగి, బండి అక్కడే వదిలేసి, పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి నడుచుకుంటూ వచ్చాడు. తలుపు తీసినప్పుడు వాణ్ణి చూసి కడుపు నిండింది.

ఊర్వశి బాల్కనీ
బాబాయ్ గారూ, ఈ పద్యం మా ఆఫీసు గ్రూపులో పెడుతున్నాను.

బెళ్లందూరు బాటసారి
గురువుగారూ, "పోలిసుల భయమ్ము" విరిస్తే మధ్యలో "సులభ" వచ్చింది! అది చూసి నేనూ ఇంకోసారి ప్రయత్నించాను. మొదటి పాదం, "అరటి లేక యరటి యామోదమే వీవ". ఈస్టు సంగతి లోపలికి వచ్చినట్టేనా?

చామరాజపేట ఛాందసుడు
వచ్చింది నాయనా. "అరటి లేక యరటి." ఇక ఆ పాదాన్ని ముట్టుకోకు.

జయనగరం జాబిల్లి
"చల్లనైన గ్లాసు." "నైన" పక్కనే గ్లాసు పెట్టారు. చూశాను ఛాందసుడు గారూ.

"మెట్రో", "పోలీసు" రెండింటి దీర్ఘాలూ కుదించారు. నా "దోహ"ను అడిగిన మీరే. అయినా మీ అబ్బాయి నడిచి ఇంటికొచ్చిన పద్యం అది, దాన్ని నేను ముట్టుకోను.

నిర్వాహకుడు
నిరుటి పట్టీ తెరిచి "మంచు గ్లాసు" పక్కనున్న గుర్తు తీసేశాను. జాబిల్లి గారూ, ఆ పద్యం చివరి రెండు పాదాలు నా దగ్గర లేవు. పంపిస్తే పూర్తిగా ఎక్కిస్తాను.