రీబిల్డ్ చేసిన పాత బుల్లెట్ 350: ఎడమకి లాగుతోంది, హ్యాండిల్ కొట్టుకుంటోంది

కృష్ణలంక_కిక్కర్
మా పెదనాన్న వాడిన 1986 మోడల్ బుల్లెట్ 350. కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడి కాలి గేరు. మొత్తం విప్పించి రీబిల్డ్ చేయించాను. ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్, రిమ్ములకి మళ్లీ క్రోమ్, కొత్త పుల్లలు (స్పోకులు), కొత్త కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు), వెనక గ్యాస్ షాకప్‌లు. ఇంజన్ గురించి ఒక్క మాట అనడానికి లేదు. రోడ్డెక్కితేనే టెన్షన్. బండి మెల్లగా ఎడమకి లాగుతుంది. 60లో యాక్సిలరేటర్ వదిలితే 45కి వచ్చేసరికి హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఫ్లైఓవర్ జాయింట్లు దాటినప్పుడల్లా వెనక భాగం ఊగుతుంది. మెకానిక్ కోన్‌సెట్ బిగించాడు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ అదే గోల. ఎక్కడ మొదలుపెట్టాలి?

అనంత_థంపర్
టైర్లు ఎప్పటివి బ్రదర్? కొత్తవని చెప్పినా సరే, పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న టైరుకి గాట్లు నిండుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. గాలి ఎంత పెట్టారు? ఒక్కరే వెళ్తే ముందు 18, వెనక 28 పీఎస్‌ఐ. బంకులో అడక్కుండానే రెండింటికీ 35 కొట్టేస్తారు.

యెజ్డీ_బాబాయ్
హ్యాండిల్ కుదుపు ఆపే స్టీరింగ్ డ్యాంపర్ పెట్టించెయ్ తమ్ముడూ. లేదంటే ముందు ఫోర్కులో చిక్కటి ఆయిల్ పోయించు. నా బండికి సరిపోయింది.

లేత్_మాస్టారు
బాబాయ్ గారూ, డ్యాంపర్ ఇప్పుడే వద్దు. జ్వరమొచ్చినవాడికి దుప్పటి కప్పి తగ్గిందనుకోవడమే అవుతుంది.

కిక్కర్ బాబూ, మీరు చెప్పిన మూడూ ఒకే రోగం కాకపోవచ్చు. ఒక పక్కకి లాగితే చక్రాలు ఒకే గీతలో లేవనో, ఫోర్కు మెలిపడిందనో ముందు అనుమానించాలి. స్పీడు తగ్గేటప్పుడు హ్యాండిల్ కొట్టుకుంటే కోన్‌సెట్ లూజు, లేదా ముందు టైరు. వెనక ఊగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చేయి) బుష్‌లు, షాకప్‌లు. కోన్‌సెట్ మరీ బిగిస్తే ఇంకో రకంగా ఉంటుంది, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడే బండి తిన్నగా నిలవదు.

ముందు దారం కట్టి చూడండి. ఈ బండికి రెండు టైర్లూ 3.25-19 కాబట్టి పని తేలిక. వెనక టైరు చుట్టూ తిప్పి రెండు పక్కలా ముందుకు లాగండి, స్టాండు, సైలెన్సర్ తగలనంత ఎత్తులో. దారం వెనక టైరుకి రెండు చోట్ల, ముందు టైరుకి రెండు చోట్ల ఆనుకోవాలి. ముందు టైరు దగ్గర సందు ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ ఉంటే వెనక చక్రం ఏటవాలుగా ఉన్నట్టు. చైను బిగించే నత్త క్యామ్‌లు రెండు పక్కలా ఒకే గాటులో ఉన్నాయని నమ్మకండి, అవి అరిగిపోతాయి. సందు రెండు చివర్లా సమానంగా ఉంటే మాత్రం యాక్సిల్ కంటే ముందు రిమ్‌ని అనుమానించాలి.

కృష్ణలంక_కిక్కర్
దారం కట్టాను మాస్టారూ. కుడి పక్క ముందు టైరు దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్ల సందు, రెండు చివర్లా సమానంగా! చక్రం తిప్పితే మాత్రం బెండు ఏమీ లేదు. టైర్ల కోడ్ చూశాను, రెండేళ్లవే.

లేత్_మాస్టారు
వెనక రిమ్‌కి బెండు లేదు కానీ అది మధ్యలో లేదు. పుల్లలు వేసినవాళ్లు ఊగు తీశారు, హబ్‌కి రిమ్ ఎంత పక్కకి ఉండాలో చూడలేదు. ఇది చాలా రీబిల్డుల్లో జరిగేదే. పాత చక్రం విప్పేముందు డ్రమ్ అంచు మీద స్కేలు పెట్టి రిమ్ వరకు కొలిచి రాసుకుంటే ఈ గొడవ ఉండదు. ఇప్పుడు ఒక పక్క పుల్లలన్నీ కొంచెం లూజు చేసి, రెండో పక్క అంతే బిగించుకుంటూ లాక్కోవాలి. అయితే ముందు చక్రం కూడా తన ఫోర్కు మధ్యలో ఉందో లేదో చూశాకే వెనకది ముట్టుకోండి.

కరీంనగర్_350
అన్నా, కోన్‌సెట్ బిగించినా మళ్లీ లూజైందన్నావు కదా, అక్కడే నాకు డౌటు. పౌడర్ కోటింగ్‌కి ముందు ఫ్రేమ్ మెడలో కోన్‌సెట్ కప్పులు కూర్చునే చోట మూయించావా? మూయకపోతే లోపల కూడా పొర పడుతుంది. కప్పు ఆ పొర మీద కూర్చుంటుంది, ఇనుము మీద కాదు. తిరిగే కొద్దీ పొర నలిగి కప్పు దిగుతుంది, గోళీలు లూజవుతాయి. ఎన్నిసార్లు బిగించినా అంతే. కప్పులు కొట్టి తీసి, ఆ చోటు గీకి, కొత్త గ్రీజుతో మళ్లీ కూర్చోబెట్టాలి.

చెక్ చేసేటప్పుడు సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం లేపు. ఫోర్కు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ మనకూడదు. హ్యాండిల్‌ని మధ్య నుంచి కొంచెం తోస్తే తనంతట తానే పక్కకి పడిపోవాలి. పడకపోతే కోన్‌సెట్‌ని అనడానికి ముందు హెడ్‌లైట్ డబ్బాలో కొత్త వైరింగ్, కేబుళ్లు బిగుసుకున్నాయేమో చూడు.

అనంత_థంపర్
ఇంకోటి. ఈ ఫ్రేమ్‌కి ఇంజన్ కింద గొట్టం ఉండదు, ఇంజనే ఫ్రేమ్‌లో భాగం. ఇంజన్ ప్లేట్ల బోల్టులు, హెడ్ నుంచి ఫ్రేమ్‌కి వెళ్లే పట్టీ వదులైతే బండి మధ్యలోంచే మెలిక పడుతుంది. కోటింగ్ అక్కడ కూడా నలుగుతుంది. కొన్నాళ్లు నడిపాక అన్నీ మళ్లీ బిగించండి. దయచేసి రోడ్డు మీద చేతులు వదిలి టెస్ట్ చేయొద్దు.

యెజ్డీ_బాబాయ్
డ్యాంపర్ మాట వెనక్కి తీసుకున్నా! కానీ ఫోర్కు సంగతి ఎవరూ తేల్చలేదు. కింద యాక్సిల్ క్యాపులు, పైన ఫోర్కు గొట్టాల్ని బిగించి పట్టే పించ్ బోల్టులు వదులు చేసి, బండి మీద కూర్చుని ముందు భాగాన్ని నాలుగు సార్లు గట్టిగా నొక్కి, అప్పుడు కింది నుంచి పైకి బిగించాలి. మెలిక ఉంటే పోతుంది.

కృష్ణలంక_కిక్కర్
అప్‌డేట్. కప్పులు తీయిస్తే కింది దాని వెనక నల్లటి పొర, ఒక వైపు నలిగి రేకులా లేచింది. గీకించి కొత్త గోళీలతో వేయించాను. ముందు చక్రం మధ్యలోనే ఉంది, వెనక రిమ్ లాగించాను. ఇప్పుడు పక్కకి లాగడం లేదు, హ్యాండిల్ కొట్టుకోవడం కూడా పోయింది. వెనక ఊపు తగ్గింది కానీ జాయింట్ల మీద ఇంకా ఉంది. స్వింగ్ ఆర్మ్ పట్టుకుని పక్కలకి ఊపితే ఆట తెలియట్లేదు.

లేత్_మాస్టారు
అవి సైలెంట్ బ్లాక్ (రబ్బరు) బుష్‌లైతే స్వింగ్ ఆర్మ్ తిరిగే చోట ఉన్న పివట్ నట్టు వదులు చేసి, మీరు సీటు మీద కూర్చున్నప్పుడు బిగించమనండి. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత షాకప్‌లు. పై బోల్టు కన్ను నుంచి కింది బోల్టు కన్నుకి ఎంతుంది? పాతవాటికంటే పొడుగైతే వెనక లేస్తుంది, ముందు ఫోర్కు నిటారు అవుతుంది, బండి ఉలిక్కిపడుతున్నట్టు ఉంటుంది. గ్యాస్‌వి చాలావరకు గట్టిగా కూడా ఉంటాయి.

కరీంనగర్_350
పాత షాకప్‌లు తుక్కులో వేయలేదు కదా అన్నా?

కృష్ణలంక_కిక్కర్
లేదు, ఉన్నాయి. నూనె కారుతున్నా కొలవడానికి పనికొస్తాయి. ఆదివారం పక్కపక్కన పెట్టి కొలిచి ఇక్కడే రాస్తాను.