బరిలో దిగుడు, బరితెగించుడు: రెండూ ఒక్క బరేనా?

ప్రశ్న (జనగామ): ఆటల పేజీల "బరిలోకి దిగిన భారత్" అని ఉంటది. పేజీ తిప్పితే విదేశీ వార్తల్ల "బరితెగించిన పాక్". రెండు బరులూ ఒక్కటేనా? మా దిక్కు బరిబాతల అంటే ఒంటి మీద బట్ట లేకుండ అని. బరితెగించుడు అందులకెళ్లి వచ్చిందా?

జవాబు (హనుమకొండ, కబడ్డీ కోచ్): బరిబాతల వేరన్నా. కన్నడంల బరిగై అంటే వట్టి చెయ్యి, బరిగాలు అంటే చెప్పుల్లేని కాలు. బరిబాతలలోది ఆ "వట్టి" బరి. మీరడిగిన రెండూ మాత్రం ఆటలోయే. ఆటకు ముందు నేల మీద గీసే హద్దు బరి, ఆ హద్దు లోపలి చోటూ బరే. దిగేది చోట్లకు, తెగేది హద్దు.

చెడుగుడుల చూడున్రి. పెద్దల మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. రెండు పక్కల మీటరు చొప్పున లాబీ. కూతకు వచ్చినోడు ఎవర్నీ తాకకముందు లాబీల కాలు పెడితే ఔట్. తాకుడు పడ్డదంటే లాబీ కూడా బరిలోకి వస్తది. గొడవలు ఎక్కువ ఇక్కడనే: కాలు ముందు పడ్డదా, చెయ్యి ముందు తాకిందా? ఇంకోటి, పట్టుల ఉన్నోని ఒంట్ల ఏ కొంచెమైనా లోపలి నేలకు ఆనుతుంటే, మిగతాది బయట పడ్డా ఔట్ కాదు. అంటే గీత ఒక్కటే చూస్తే చాలదు, అది ఎప్పటి నుంచి చెల్లుతదో కూడా తెలియాలె.

పరుగుల బరి అనం, లేన్ అంటం. మన కల్లెడ దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌ల కంచు గెలిచిన 400 మీటర్లు మొత్తం ఎవరి లేన్ల వాళ్లే ఉరకాలె. 800ల మొదటి మలుపు దాటినంక లోపలికి జరగొచ్చు.

జవాబు (వరంగల్, వార్తల డెస్క్): కోచ్ గారి మాట విదేశీ వార్తలకు అట్లనే పనికొస్తది. బరితెగించుడు రాసే ముందు ఒకటే చూడాలె: ఆ హద్దును ఇద్దరూ ఒప్పుకున్నరా?

నియంత్రణ రేఖను 1972ల సిమ్లా ఒప్పందం తర్వాత రెండు సైన్యాలు కూసోని మ్యాపుల మీద గీసి సంతకాలు పెట్టినయి. కాల్పులు ఆపుతమని 2021 ఫిబ్రవరిల మళ్లీ ఉమ్మడి ప్రకటన ఇచ్చినయి. ఆ తర్వాత అవతలి నుంచి తూటా వస్తే బరితెగింపు అని ధైర్యంగ రాయొచ్చు. చైనాతోటి వాస్తవాధీన రేఖ అట్ల కాదు. మొత్తం రేఖకు ఇద్దరూ ఒప్పుకున్న మ్యాపు లేదు, అందుకే ఎదుటోడే దాటిండని ఇద్దరూ అంటరు. అక్కడ "చొరబాటు" అని రాసి, ఎవరు అన్నరో చెప్పాలె. ఐతే 1996 ఒప్పందంల ఆ రేఖకు 2 కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చొద్దని ఉన్నది. ఆ మాట తప్పితే మాత్రం అది బరితెగింపే.

ప్రశ్న (జనగామ): మరి 2025 ఆగస్టుల అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసినప్పుడు? అక్కడ గీతేమీ లేదు కదా.

జవాబు (వరంగల్, వార్తల డెస్క్): ఉన్నది. ప్రపంచ వాణిజ్య సంస్థల చేరిన ప్రతి దేశం తాను ఒప్పుకున్న ఒక్కో సరుకుకు ఇంతకు మించి సుంకం వేయనని రాసిస్తది. అది బరే. రాసిచ్చిన దానికంటే పెంచితే ఆ మాట వాడొచ్చు, లోపలనే పెంచితే "సుంకం పెంచింది" చాలు. కోపం వచ్చిన ప్రతిసారి బరితెగింపు అంటే, నిజంగ హద్దు తెగిన నాడు రాయనీకి మాట మిగలది.

జవాబు (కరీంనగర్): "బరిగీసి నిలుచుడు" మర్చిపోతున్నరు. ఉద్యమంల మనం ఎంత వాడినం! ఇది దాటుడు కాదు, ఇంతకంటే ముందుకు రావద్దని గీత గీసి ఎదురు నిలబడుడు. 2017ల భూటాన్ దగ్గరి డోక్లాంల మన సైన్యం చైనాకు ఎదురుగ 73 రోజులు నిలబడ్డదానికి సరిగ్గ అతికే మాట ఇది. "రెడ్ లైన్"ను "ఎర్రగీత" అని రాసేటోళ్లు దీన్ని ఒక్కసారి వాడి చూడున్రి.